నాలుగు నగ్గెట్స్, పద్దెనిమిది గ్రాములు

2025 జూన్ 18, బుధవారం

బడి తెరిచాక ఈ రోజే మొదటిసారి నగ్గెట్స్. డైనింగ్ హాలు దద్దరిల్లింది. బీరకాయ పప్పు పెట్టిన రోజు పిల్లలను బతిమాలి కూర్చోబెట్టాలి, నగ్గెట్స్ పెట్టిన రోజు బతిమాలి లేపాలి. తలా నాలుగు. ఒకటి తగ్గిందో, ఒకటో తరగతి వాళ్లు కూడా నా మీదికి దండయాత్రకు వస్తారు.

మధ్యాహ్నం రోజారమణి వచ్చింది. నాలుగో తరగతి కామాక్షి వాళ్లమ్మ, కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం చేస్తుంది. కామాక్షి వయసుకు తగ్గ బరువు లేదని, ఒంట్లో ప్రొటీన్ తక్కువగా ఉందని నెల్లూరు డాక్టరు చెప్పాడట. ఇంట్లో ఏం పెట్టినా రెండు ముద్దలు తిని లేస్తుందట. ఇదంతా చెప్పి, హాలు గోడకున్న చార్టు చూపించి నవ్వింది. "చికెన్ నగ్గెట్స్ నాలుగు, ప్రొటీన్ 18 గ్రాములు" అని ఉంటుంది అక్కడ. కింద నా సంతకం. స్వర్ణ, ఫుడ్ ఇన్‌చార్జ్.

"బుధవారం, శుక్రవారం ఇంట్లో తినకపోయినా నేను పట్టించుకోనక్కా. మీరు సంతకం పెట్టుండారు గదా, ఆ ధైర్యం నాకు," అంది.

ఆగస్టు నుంచి వారంలో ఐదు రోజులూ నగ్గెట్సే పెట్టబోతున్నారని విని ఆమెకు సగం బెంగ తీరిపోయిందట. నాకు సంతోషం వేసింది. మన సంతకాన్ని ఒకరు నమ్మితే ఎవరికైనా సంతోషమే. సాయంత్రం అన్నం సయించలేదు. ఎండల వల్ల కావచ్చు.

జూన్ 19

ఆ పద్దెనిమిది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు గుర్తు లేదు.

జూన్ 20, శుక్రవారం

గుర్తుంది. పోయిన సంవత్సరం నేను చేరిన మొదటి నెలలో, సప్లై కంపెనీ ఏజెంటు కిషోర్ బాబు ఒక కాగితం ఇచ్చాడు. నూరు గ్రాముల కోడి మాంసంలో ప్రొటీన్ పాతిక గ్రాములు. నాలుగు ముక్కలు కలిపి డెబ్బై రెండు గ్రాములు. కాబట్టి పద్దెనిమిది. లెక్క ముచ్చటగా కుదిరింది. నేను రంగు స్కెచ్ పెన్నుతో అందంగా రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి అమ్మకు కూడా పంపాను. హోమ్ సైన్స్ డిగ్రీ చదివినదాన్ని. నగ్గెట్ మొత్తం కోడి కాదన్న సంగతి ఆ రోజు తట్టలేదు.

ఈ రోజు వడ్డన అయ్యాక నాలుగు మిగిలితే, వంటగదిలో కాటా పెట్టుకుని కూర్చున్నాను. కత్తి మొనతో పైనున్న బ్రెడ్ పొడి పూత గీకాను. వంట మేస్త్రీ హజరత్తయ్య వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "మేడమ్ పోస్టుమార్టం చేస్తా ఉంది, ఎవురూ లోపలికి రాబాకండి," అని హెల్పర్లకు చెప్పాడు.

పూత ముప్పై మూడు గ్రాములు. లోపలిది ముప్పై తొమ్మిది. ఆ లోపలిదీ అచ్చంగా మాంసం కాదు, పిండి, కొవ్వు కలిపి రుబ్బిన ముద్ద. ఫ్రీజర్‌లోంచి సంచి తీసి, మంచు తుడిచి, వెనక ఉన్న అచ్చు చదివాను. నూరు గ్రాములకు ప్రొటీన్ పదకొండు, కొవ్వు పదిహేడు, సోడియం ఐదొందల అరవై మిల్లీగ్రాములు. అంటే మా నాలుగు ముక్కల్లో ప్రొటీన్ ఎనిమిది గ్రాములు. సగం కూడా లేదు. సంవత్సరంగా ఆ సంచులు నా కళ్ల ముందే ఉన్నాయి.

తప్పు నాది కాదు. కాగితం కిషోర్ బాబుది.

జూన్ 23, సోమవారం

స్కూలు కరస్పాండెంట్ విజయభాస్కర్ గారికి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు పని సులువయ్యేది. నింపాదిగా విని, నగ్గెట్స్ రాకముందు చెత్తడబ్బాలో ఎంత అన్నం పడేదో గుర్తుందా అని అడిగారు. గుర్తుంది. పిల్లలు తినని ప్రొటీన్ ఎన్ని గ్రాములుంటే ఏం లాభం అన్నారు.

"జూలై ముప్పైన పేరెంట్స్ మీటింగ్. ఆ రోజే ఐదు రోజుల కాంట్రాక్టు మీద సంతకం. దానికి బదులు పిలకాయలు ఇష్టంగా తినేది ఇంకోటి ఉంటే, ల్యాబు కాగితంతో పట్టుకురాండి. ఊరికే వద్దంటే నేను వినను," అన్నారు.

వస్తూ వస్తూ చార్టు తీసేద్దామని హాలుకు వెళ్లాను. మేకు గట్టిగా దిగి ఉంది.

జూన్ 25, బుధవారం

కామాక్షి నాలుగూ తిని, ఖాళీ ప్లేటు నాకు చూపించి వెళ్లింది.

మేకు ఇంకా గట్టిగానే ఉంది.

జూన్ 29, ఆదివారం

ముత్తుకూరు నుంచి మా ఊరు పాలెం వెళ్లాను. మా అమ్మ చెంచమ్మ ఇంకా అక్కడే, సముద్రం ఒడ్డున. వేట నిషేధం అయిపోయి పడవలు పోతున్నాయి కాబట్టి ఆమెకు హుషారుగా ఉంది. నలభై ఏళ్లుగా తట్టలో చేపలమ్మి నన్ను డిగ్రీ చదివించింది. ఈ సంగతి స్కూల్లో ఎవరికీ తెలియదు. దాచలేదు, ఎవరూ అడగలేదు.

డబ్బాలో ఒక నగ్గెట్ తీసుకెళ్లి ఇచ్చాను. అమ్మ సగం కొరికి, మిగతా సగాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో కోడి యాడుండాదే?"

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చార్టు సంగతి, రోజారమణి సంగతి అంతా చెప్పేశాను. అమ్మ విని లేచింది. పొద్దున వచ్చిన కానాగంత చేపలు ఆవిరికి పెట్టి, ముళ్లు తీసి, ఉల్లిపాయ, మిరియాలు, కొత్తిమీర కలిపి బిళ్లలు వత్తింది. దంచిన అటుకుల్లో దొర్లించి పెనం మీద రెండు వైపులా కాల్చింది. చిన్నప్పుడు నేను మారాం చేస్తే పెట్టేది ఇదే. ఇన్నాళ్లూ నా బుర్రకు ఎందుకు తట్టలేదో అనుకుంటూ తొమ్మిది తిన్నాను.

ముళ్లు తీసేటప్పుడు అమ్మ చేతుల వైపు చూడదు. పక్కింటావిడతో ఊరి కబుర్లన్నీ చెబుతూనే ఉంటుంది, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి. ఒక్క ముల్లు తగలలేదు.

జూలై 4, శుక్రవారం

బిళ్లలు నెల్లూరు ల్యాబులో ఇచ్చి వచ్చాను. ఉప్పు ఎంత వేశావని అమ్మను ముందే అడిగాను. పిలకాయలకని చిటికెడే వేసినా అంది. ఇక భయం లేదు. మీటింగులో ఏ చీర కట్టుకోవాలా అని కూడా ఆలోచించాను.

జూలై 11, శుక్రవారం

రిపోర్టు వచ్చింది. నూరు గ్రాములకు ప్రొటీన్ పదహారు, కొవ్వు ఆరు. ఇక్కడికి చదివి ఆగిపోయి ఉంటే బాగుండేది.

సోడియం తొమ్మిది వందల నలభై. నగ్గెట్స్ కంటే ఎంతో ఎక్కువ.

విజయభాస్కర్ గారి గదిలో కిషోర్ బాబు కూడా ఉన్నాడు. కాగితం అతనే తీసుకుని పైకి చదివాడు. "మేడమ్, ఇది పిల్లల ప్లేటుకా, ఊరగాయ జాడీకా?" అన్నాడు. విజయభాస్కర్ గారు నవ్వలేదు. ఆయన నవ్వినా బాగుండేది.

గేటు బయటికి వచ్చి అమ్మకు ఫోన్ చేసి, అనరాని మాటలు అన్నాను. చిటికెడే వేసినానని అమ్మ మళ్లీ అంది. అబద్ధం చెప్పొద్దని అరిచాను. నలుగురూ చూశారు. ఇప్పుడు నాకేం కోపం లేదు. మామూలుగానే ఉన్నాను.

జూలై 12

కోపం లేదు.

జూలై 13, ఆదివారం

పొద్దున మొదటి బస్సుకే పాలెం వెళ్లి, చెప్పకుండా అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఎలా చేస్తావో మొదటి నుంచి చేసి చూపించమన్నాను. అమ్మ నా ముఖం చూడకుండానే పని మొదలుపెట్టింది.

చేపలు కోసింది. పక్కనున్న బానలోంచి రాళ్ల ఉప్పు రెండు గుప్పిళ్లు తీసి గసగసా రుద్దింది. కాసేపు అలాగే ఉంచి, కాలవలో ఉప్పునీళ్లతో కడిగింది. మళ్లీ గుప్పెడు ఉప్పు, మళ్లీ రుద్దడం, మళ్లీ ఆ నీళ్లే. మూడు సార్లు. అంతా అయ్యాక బిళ్లలకు కలిపేటప్పుడు మాత్రం, నిజంగానే, వేళ్ల చివర్లతో చిటికెడు ఉప్పు వేసింది. వేసి, చూశావా అన్నట్టు నా వైపు తిరిగింది.

"మరి ముందేసిన గుప్పిళ్లేందమ్మా?"

"అది కడగడం గదే," అంది.

మా పాలెంలో ఏ ఆడమనిషిని అడిగినా ఇదే చెబుతుంది. ఉప్పుతో కడగడం వాళ్ల దృష్టిలో ఉప్పు వేయడం కాదు. మంచినీళ్ల ట్యాంకరు రెండు రోజులకోసారి వచ్చే ఊళ్లో చేపను మంచినీళ్లతో ఎవరు కడుగుతారు? పదిహేడేళ్లు వచ్చేదాకా నేనూ అలాగే కడిగాను. అమ్మ అబద్ధం చెప్పలేదు. నేను పుట్టి పెరిగిన ఇంట్లో పద్ధతి నేనే మరిచిపోయి, ఆమె మీద అరిచాను. తప్పు నాదేనని చెప్పాను. నోటితోనే చెప్పాను, ఇక్కడ రాయడం కాదు. అమ్మ చాలాసేపు నవ్వింది, ఇక నేనూ ఆపుకోలేకపోయాను.

స్కూలు వాటర్ ప్లాంటు నుంచి మంచినీళ్ల క్యాన్లు తెస్తానని, బియ్యం కడిగిన నీళ్లు, నిమ్మకాయతో కడుగుదామని అన్నాను. చేప చప్పబడి పోతాదని గంట సేపు వాదించింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. మీటింగుకు తనూ వస్తుందట.

చూద్దాంలే అన్నాను.

జూలై 22, మంగళవారం

మంచినీళ్లతో కడిగి చేసిన బిళ్లల రిపోర్టు వచ్చింది. ప్రొటీన్ పదహారు. కొవ్వు ఆరు. సోడియం రెండు వందల తొంభై!

బస్సులో అరిచేశాను. పర్సు పోయిందా అని కండక్టరు అడిగాడు. దొరికిందని చెప్పాను.

జూలై 24

కొత్త చిక్కు. నగ్గెట్ సైజులోనే చేసినా మా బిళ్లలు నాలుగింటిలో ప్రొటీన్ పదకొండున్నర గ్రాములు. గోడ మీద పద్దెనిమిది అని ఉంది. పద్దెనిమిది తీసేసి పదకొండున్నర పెడతామంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? కిషోర్ బాబు నోరు కూడా తెరవనక్కరలేదు, చార్టు వైపు వేలు చూపిస్తే చాలు.

హజరత్తయ్య దగ్గర ఉపాయం ఉంది. "ఇరవై అని రాసి పారేయండి మేడమ్. ఎవురు గీకి చూడొచ్చినారు?" అన్నాడు. నేను నవ్వలేదు. పోయిన సంవత్సరం నేను చేసింది అదే.

పద్దెనిమిది అబద్ధమని చెప్తే తప్ప పదకొండున్నర గెలవదు. ఆ అబద్ధం కింద ఉన్న పేరు కిషోర్ బాబుది కాదు. ఉద్యోగం పోవచ్చు. రోజారమణి ముఖం ఎలా చూడాలో మాత్రం ఇంకా తెలియడం లేదు.

జూలై 29, మంగళవారం

మేకు గట్టిగా ఏమీ లేదు. ఒక్క లాగుకు ఊడి వచ్చింది.

జూలై 30, బుధవారం

ఇప్పుడే రాయాలి, వివరంగా రాయాలి.

పొద్దున ఎనిమిదింటికి వాచ్‌మన్ నుంచి ఫోన్. గేటు దగ్గర ఎవరో చేపలామె, ఇద్దరు ఆడవాళ్లతో, మంచుపెట్టెతో నిలబడి, స్వర్ణమ్మ వాళ్లమ్మను అని చెబుతోందట. లోపలికి పంపమన్నాను. ముగ్గురూ వంటగదిలో చేతులు కడుక్కుని, తలకు గుడ్డలు కట్టుకుని పనిలోకి దిగారు. హజరత్తయ్య మొదట ముఖం ముడుచుకున్నాడు. పావుగంటకే పెనం దగ్గర నిలబడి అమ్మను అక్కా అక్కా అంటున్నాడు.

పదకొండింటికి మీటింగు. నూట యాభై మంది దాకా వచ్చారు. కిషోర్ బాబు రంగుల బోర్డు పెట్టి ఐదు రోజుల పథకం చెప్పాడు. చప్పట్లు కొట్టారు. తర్వాత విజయభాస్కర్ గారు నా పేరు పిలిచారు. ఊడదీసిన చార్టు చేతిలో పట్టుకుని లేచాను. రాసుకున్న నాలుగు పేజీల్లో ఒక్క మాట కూడా గుర్తు రాలేదు.

"ఈ పద్దెనిమిది తప్పు. నిజంగా ఉండేది ఎనిమిది. రాసింది నేను, సంతకం కూడా నాదే," అన్నాను.

రోజారమణి లేచి నిలబడింది. సంవత్సరం పాటు ఆ అంకె నమ్మి, బుధవారం, శుక్రవారం రాత్రుళ్లు బిడ్డకు బలవంతంగా ఒక గుడ్డు కూడా పెట్టలేదని చెప్పింది. గొంతు పెంచలేదు. పెంచి తిట్టినా ఇంత సిగ్గు పడేదాన్ని కాదు. క్షమించమన్నాను. ఆమె ఎనిమిదని ఎట్లా తెలిసిందని అడిగింది. పూత గీకి తూచి, సంచి వెనక అచ్చు చదివానని చెప్పాను.

అప్పుడు కిషోర్ బాబు లేచాడు. నాలుగు ముక్కలు డెబ్బై రెండు గ్రాములన్నది నిజమా కాదా అని నన్ను నిలదీశాడు. నిజమే అన్నాను. అతను జనం వైపు తిరిగి చేతులు చాపాడు. రోజారమణి కూర్చోలేదు.

"అయ్యా, నేను పోర్టులో వేబ్రిడ్జి మీద పని చేస్తా. లారీతో సహా తూచి, అంతా సరుకేనంటే మా సారు నన్ను ఆ రోజే ఇంటికి పంపిస్తాడు. ఖాళీ లారీ బరువు తీసేయాల. కాటా తీసుకురాండి," అంది.

హజరత్తయ్య పరుగున తెచ్చాడు. రోజారమణి కిషోర్ బాబు బోర్డు ముందున్న ప్లేట్లోంచే నాలుగు ముక్కలు తీసి తూచింది. కత్తితో పూత అంతా గీకి మళ్లీ తూచి, అంకె పైకి చదివింది. ముప్పై ఎనిమిది. ముందు వరసలో సగం మంది పోర్టువాళ్లే. వాళ్లకు ఇక ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. సంచి వెనక ఉన్న అచ్చు చదివి వినిపించాను. తర్వాత మా రెండు ల్యాబు కాగితాలూ ఇచ్చాను, తొమ్మిది వందల నలభై ఉన్నది కూడా. అది ఎందుకు అలా వచ్చిందో చెబితే వెనక వరసలో ఎవరో గట్టిగా నవ్వారు. వాళ్లూ పాలెం వాళ్లే అనుకుంటాను.

ఒకాయన లేచి, చేప కదా, పిల్లల గొంతులో ముల్లు ఇరుక్కుంటే ఎవరిది బాధ్యత అన్నాడు. న్యాయమైన ప్రశ్న. నేను నోరు తెరిచేలోపు వంటగది తలుపు దగ్గర నుంచి అమ్మ జవాబు చెప్పింది.

"నా బిడ్డ పాలు మానినప్పట్నించి ఇదే తినింది సామీ. దాని గొంతులో ముల్లు పడిందేమో దాన్నే అడగండి. అదో, మీ ముందర నిలబడి ఉండాది."

అందరూ నా వైపు తిరిగారు. ఈసారి నిజంగా అడిగారు, ఆమె నాకు ఏమవుతుందని.

"మా అమ్మ," అన్నాను. "చెంచమ్మ. చేపలమ్మి నన్ను చదివించింది. ఎప్పుడూ ముల్లు పడలేదు."

ఎంత సుఖంగా ఉందో. ఏడాదిగా ఈ మాట నోట్లో పెట్టుకుని తిరిగాను, ఎందుకో తెలియదు. తెలుసు. ఇక అవసరం లేదు కాబట్టి రాయను.

పిల్లలను వరసగా పంపి, రెండు రకాలూ పక్కపక్కనే పెట్టారు. మొదట అందరూ నగ్గెట్స్ వైపే పోయారు. తర్వాత రెండో తరగతి పిల్ల ఒకతి మా బిళ్ల కొరికి, పక్క పిల్లను పిలిచింది. పది నిమిషాల్లో మా పళ్లెం ముందు తోపులాట. పెనం దగ్గర హజరత్తయ్యకు ఊపిరాడలేదు. కిషోర్ బాబు కూడా ఒక మూల నిలబడి, ఎవరూ చూడటం లేదనుకుని ఏడు తిన్నాడు. నేను లెక్కపెట్టాను.

విజయభాస్కర్ గారు చేతులెత్తమన్నారు. నగ్గెట్స్ కాంట్రాక్టుకు ఇరవై మూడు. మా బిళ్లలకు లెక్కపెట్టడం మధ్యలోనే ఆపేశారు. బుధ, శుక్రవారాలు చేప, మిగతా మూడు రోజులు గుడ్డు. అమ్మ వాళ్లు మన వంటగదికే వచ్చి చేయాలి, ప్రతి నెలా ల్యాబు పరీక్ష ఉండాలి. నా ఉద్యోగం సంగతి నేనే అడిగాను. "తప్పు మీరే చెప్పుకున్నారు. రేపట్నించి ప్రతి చార్టూ తూచినాకే గోడెక్కాల," అన్నారు. అంతే.

గెలిచాం. ఇంకా గట్టిగా రాయాలనుంది. గెలిచాం!

రోజారమణి మాత్రం నాతో మాట్లాడకుండా వెళ్లిపోయింది.

ఆగస్టు 1, శుక్రవారం

వంటగదిలో అమ్మ, హజరత్తయ్య నిమ్మకాయల గురించి పోట్లాడుకున్నారు. అమ్మ గెలిచింది.

ఆగస్టు 6, బుధవారం

ఈ రోజు ఒంటిగంట కాకముందే పళ్లేలన్నీ ఖాళీ. కొత్త చార్టు గోడ మీద ఉంది. చేప బిళ్లలు నాలుగు, ప్రొటీన్ పదకొండున్నర గ్రాములు. స్కెచ్ పెన్నుల పూలూ గీతలూ లేవు.

సాయంత్రం గేటు దగ్గర రోజారమణి స్కూటీ ఆపింది. మీటింగు తర్వాత ఇదే మొదటిసారి. ఎలా ఉన్నారనో, ఇంకోటో ఏమీ లేదు.

"పాప ఈ రోజు ఏం తినింది?"

వడ్డన దగ్గర నేనే ఉన్నాను కాబట్టి తెలుసు. నాలుగు తిని, మళ్లీ వచ్చి రెండు పెట్టించుకుంది. ఆరు. ప్రొటీన్ పదిహేడు గ్రాములు, కొంచెం అటూ ఇటూ.

"పదిహేడేనా?"

పద్దెనిమిది అనడానికి ఎంతో దూరం లేదు. పదిహేడేనని చెప్పాను.

వెనక సీటు మీద కామాక్షి అరచేయి వాసన చూసుకుంటూ కూర్చుంది. రోజారమణి హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుని, బండి స్టార్ట్ చేసింది.

"అయితే శుక్రవారం ఏడు పెట్టండక్కా," అంది.